మొదటి పియానో కొనబోతున్న మేనకోడలికి

హనుమకొండ

చి. చిన్నికి,



టెన్త్ పాసైనందుకు మీ నాన్న నీకు పియానో కొనిస్తానన్నాడని అక్క ఫోన్లో చెప్పింది. ఆ రాత్రే నువ్వు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపి, ‘మామా, వీటిలో ఏది మంచిది?’ అని అడిగావు. ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోవచ్చు. కానీ బిడ్డా, మొదటిసారి కొన్న వాయిద్యం సరైనదైతే మనిషి సంగీతంలో నిలబడతాడు. కాకపోతే ఆరు నెలల్లో అది మంచం కిందికి పోతుంది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్లో చెబితే దుకాణానికి వెళ్ళేసరికి సగం మర్చిపోతావు. ఈ కాగితాలు వెంట పట్టుకుపో.

ముందుగా ఒక సంగతి. నువ్వు పంపిన నాలుగూ ఒకే జాతివి కావు. రెండు కీబోర్డులు, రెండు డిజిటల్ పియానోలు. చూడటానికి దగ్గరగా ఉన్నా వాటి పని వేరు.

కీబోర్డుకు మామూలుగా 61 కీలుంటాయి, అంటే ఐదు స్థాయిలు. నాలుగైదు కిలోల బరువు. వేణువు, షెహనాయి, వయొలిన్, సితార్ అంటూ వందల టోన్లు. ఎడమచేత్తో ఒక కార్డ్, అంటే కలిపి నొక్కే కొన్ని స్వరాలు, పట్టుకుంటే డ్రమ్స్, బేస్ వాటంతటవే మోగుతాయి. వాటిని స్టైల్స్ అంటారు. చాలావాటికి బ్యాటరీలు వేసుకోవచ్చు. భజన మండలిలో, చర్చిలో, ఆర్కెస్ట్రాలో, పెళ్ళి ఊరేగింపు బండి మీద నువ్వు చూసేది ఇదే. డిజిటల్ పియానోకు 88 కీలు: 52 తెల్లవి, 36 నల్లవి. పది పన్నెండు కిలోలు తూగుతుంది. చిన్న మోడళ్ళలో టోన్లు పదో పదిహేనో ఉంటాయి, స్టైల్స్ చాలావాటిలో ఉండవు. మనం దానికి పెట్టే డబ్బు ముఖ్యంగా ఒక్కదానికే పోతుంది: కీ నొక్కినప్పుడు వేలికి తెలిసే బరువుకు.

ఆ బరువు సంగతి నీకు బాగా అర్థం కావాలి. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమియో క్రిస్తొఫోరి అనే వాయిద్యాల తయారీదారు 1700 ప్రాంతంలో మొదటి పియానో చేశాడు. అప్పటిదాకా రాజుల ఇళ్ళలో మోగిన హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే లోపల చిన్న ములుకు తీగను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా మోతలో తేడా దాదాపు ఉండేది కాదు. క్రిస్తొఫోరి మీటడం మాన్పించి, తీగను సుత్తితో కొట్టించాడు. వేలు ఎంత వేగంగా దిగితే సుత్తి అంత జోరుగా తగులుతుంది. పాటలో ఒక స్వరాన్ని లాలించి, పక్క స్వరాన్ని గద్దించే వీలు అప్పుడు వచ్చింది. పియానో కోసం పుట్టిన సంగీతం మొత్తం ఆ తేడా మీదే నిలబడింది.

ఇప్పుడు మీ ఇంట్లో తాతయ్య హార్మోనియం సంగతి చూడు. దాని మీదే కదా నువ్వు సరళీ స్వరాలు వాయించింది! హార్మోనియంలో జోరు తగ్గించేదీ పెంచేదీ తిత్తి కొట్టే చెయ్యి. మెట్టు మీది వేలికి ఆ పని లేదు. అందుకే నీ కుడిచేతి వేళ్ళకు స్వరస్థానాలు తెలుసు, వేగం తెలుసు, బలం కొలుచుకోవడం మాత్రం తెలియదు. ఎడమచెయ్యి ఇన్నేళ్ళూ తిత్తికే పరిమితమైంది. పియానో నేర్పించాల్సినవి నీకు సరిగ్గా ఈ రెండే. ఆ రెండూ నేర్పగల వాయిద్యాన్నే మనం వెతకాలి.

డిజిటల్ పియానోలో తీగలుండవు. మరి వేలి బలం దానికెలా తెలుస్తుంది? ప్రతి కీ కిందా మెత్తని రబ్బరు బుడిపె ఉంటుంది. అందులో రెండు కాంటాక్టులు, ఒకటి కాస్త కిందికి, ఇంకొకటి కాస్త పైకి. కీ దిగుతుంటే ఒకటి ముందు తగులుతుంది, రెండోది ఆ వెంటనే తగులుతుంది. ఆ రెండింటి మధ్య గడిచిన సమయాన్ని లోపలి చిప్ కొలుస్తుంది. సమయం తక్కువైతే వేలు జోరుగా దిగిందని లెక్క, అప్పుడు పెద్దగా మోగిస్తుంది. ఎక్కువైతే మెల్లగా మోగిస్తుంది. టచ్ సెన్సిటివ్ అన్నా టచ్ రెస్పాన్స్ అన్నా ఇదే. మంచి కీబోర్డుల్లో కూడా ఇది ఉంటుంది. డిజిటల్ పియానోలో దీనికి తోడు ప్రతి కీకి ఒక చిన్న సుత్తి బరువు కలుపుతారు. దాన్ని హ్యామర్ యాక్షన్ అంటారు. నిజం పియానోలో మంద్రస్థాయి సుత్తులు పెద్దవి, తారస్థాయి సుత్తులు చిన్నవి. అందుకే ఇందులోనూ ఎడమ చివర కీలు కాస్త బరువుగా, కుడి చివర కీలు తేలిగ్గా ఉంటాయి.

బరువు కీల మీద నేర్చిన పిల్లలు తేలిక కీబోర్డుకు చాలా తొందరగా అలవాటు పడతారు. తేలిక కీల మీద రెండేళ్ళు నేర్చినవాళ్ళు పియానో ముందు కూర్చుంటే నాలుగు వరుసలు వాయించేలోపే ముంజేయి బిగుసుకుపోతుంది. ఇది నేను నా క్లాసులో తరచూ చూసే సంగతి. కాబట్టి ఎంపికలో మొదటి లెక్క కీలది. టోన్లు, లైట్లు, స్క్రీనూ ఆ తర్వాతే.

అలాగని అందరికీ పియానోయే కావాలని నేను అనను. నువ్వు మీ అమ్మ వెనక కీర్తనలు వాయించాలన్నా, లాల్‌దర్వాజ భజనల్లో కూర్చోవాలన్నా కీబోర్డే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకో చెబుతాను. కీలున్న వాయిద్యంలో ఒక స్థాయిని 12 సమభాగాలు చేసి పెడతారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి ఉండదు. మన సంగీతానికి గమకం ప్రాణం కనుక పెద్దలు హార్మోనియంను ఆక్షేపించారు. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. అన్నేళ్ళూ మన పద్యనాటకాల్లో, పాతబస్తీ ఖవ్వాలీల్లో హార్మోనియం మోగుతూనే ఉంది, అది వేరే సంగతి. ఇప్పటి కీబోర్డుల్లో కొన్నింటికి ఎడమ పక్కన పిచ్ బెండ్ అనే చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. చెన్నైలో కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద గమకాలు పలికిస్తూ పూర్తి కర్ణాటక కచేరీలు చేస్తారు. మన దేశం కోసమే చేసిన యమహా పీఎస్ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటి మోడళ్ళలో తబలా, తంబూరా, మన తాళాలు ఉంటాయి. పిచ్ బెండ్ చక్రం చిన్న డిజిటల్ పియానోల్లో సాధారణంగా ఉండదు.

కీబోర్డు వాయించేవాళ్ళను తక్కువగా చూడొద్దు. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్–కోటి పాటలకు కీబోర్డు వాయించాడు. మణిశర్మ కూడా అలా కీబోర్డు దగ్గరి నుంచే సంగీత దర్శకుడయ్యాడు. తెలుగు సినిమా పాట రూపం మార్చినవాళ్ళలో కీబోర్డు ప్లేయర్లు చాలామంది ఉన్నారు.

అయితే నీ మనసు ఎటుందో నాకు తెలుసు. దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు నా గదిలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. స్టైల్స్ ఉన్న కీబోర్డును మీ తమ్ముడు వదల్లేదు, నువ్వు దాని వైపే చూడలేదు. పియానో ముందు కూర్చుని ఒక్క కీని మళ్ళీ మళ్ళీ నొక్కి, ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా విని, అప్పుడు రెండోదాని మీద వేలు పెట్టావు. మోత ఆరేదాకా ఆగి వినేవాళ్ళకు పియానోయే కావాలి. నీ నాలుగు ఫొటోల్లో కీబోర్డులు రెండూ నేను పక్కన పెట్టేశాను.

ఇక డబ్బు సంగతి. ఇవి ఈ మధ్య నేను చూసిన ధరలు, అటూ ఇటూ అవుతాయి. నాలుగైదు వేలకు దొరికే చిన్న కీల మినీ కీబోర్డులు పసిపిల్లల ఆటకు సరిపోతాయి. నీ వేళ్ళు వాటిలో పట్టవు. పదివేల లోపు 61 కీలవి చాలావాటికి టచ్ రెస్పాన్స్ ఉండదు, అవీ వద్దు. పదిహేను వేల నుంచి ముప్పై వేల వరకు టచ్ రెస్పాన్స్ ఉన్న మంచి కీబోర్డులు వస్తాయి. హ్యామర్ యాక్షన్‌తో 88 కీల డిజిటల్ పియానో నలభై వేల దగ్గర మొదలవుతుంది. యమహాలో పీ-145, క్యాసియోలో సీడీపీ-ఎస్110, రోలాండ్‌లో ఎఫ్‌పీ-10 ఈ వరుసలోవి. వీటిలో రోలాండ్ ధర ఎక్కువ, కీలు కూడా నా వేళ్ళకు ఎక్కువ నచ్చాయి. యమహా, క్యాసియో తేలిక, సన్నం. మూడూ నేర్చుకునేవాళ్ళకు ఐదారేళ్ళు ధోకా లేకుండా పనికొస్తాయి.

మీ నాన్న ఇరవై అయిదు వేలు అన్నాడట. ఆ డబ్బుకు మంచి కీబోర్డు వస్తుంది, పియానో రాదు. ఈ సందులోనే దుకాణాలవాళ్ళు పిల్లల్ని పట్టేస్తారు. ‘దీనికి 600 టోన్లున్నాయి, కీలు పియానో స్టైల్‌లోనే ఉన్నాయి’ అంటారు. పెట్టె మీద ‘పియానో స్టైల్ కీస్’ అని ఉంటే అది కీ ఆకారం గురించిన మాట. బరువు గురించి అయితే ‘హ్యామర్ యాక్షన్’ అనో ‘ఫుల్లీ వెయిటెడ్’ అనో స్పష్టంగా రాసి ఉండాలి. ‘సెమీ వెయిటెడ్’ అంటే స్ప్రింగు కాస్త గట్టిది పెట్టారని, సుత్తి ఉండదు.

పెట్టె మీద చదవాల్సినవి ఇంకా మూడున్నాయి. మొదటిది పాలిఫొనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో ఆ లెక్క. పెడల్ తొక్కి వాయిస్తుంటే పాత మోతలు ఆరకుండానే కొత్తవి వచ్చి చేరతాయి. లెక్క దాటితే పాతవి మధ్యలో తెగిపోతాయి. 64 ఉంటే నీకు చాలు, 32 అయితే తొందర్లోనే ఇబ్బంది పడతావు. రెండోది సస్టెయిన్ పెడల్ పెట్టుకునే వీలు. మూడోది యూఎస్‌బీ. వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడీ పద్ధతి 1983లో వచ్చింది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దానికి మూలపురుషులు. పోటీ కంపెనీలు ఒక్క మాట మీదికి వచ్చాయి కాబట్టే ఈరోజు ఏ కంపెనీ పియానోను ఏ కంప్యూటర్‌కు కలిపినా పనిచేస్తుంది. రేపు నీకు సొంత పాట చేసుకోవాలనిపిస్తే యూఎస్‌బీ తీగ ఒక్కటి చాలు, వందల టోన్లు కంప్యూటర్‌లోనే దొరుకుతాయి. కాబట్టి టోన్ల సంఖ్యకు డబ్బు పెట్టకు.

దుకాణంలో ఏం చేయాలో చెబుతాను. అబిడ్స్, కోఠి వైపు వెళ్ళండి, కనీసం రెండు చోట్ల చూడండి. ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువైనా వేళ్ళతో ముట్టుకోకుండా కొనొద్దు. నానమ్మ నాలుగు బియ్యపు గింజలు నోట్లో వేసుకుని చూడందే బస్తా ఎత్తించదు కదా, నువ్వూ అలాగే చెయ్యి. సేల్స్ అబ్బాయి డెమో బటన్ నొక్కుతాడు, లేదా తనే గబగబా వాయించి చూపిస్తాడు. మర్యాదగా వినేసి, ‘అన్నా, ఇక నేను చూస్తా’ అని కూర్చో. నిలబడి చూడొద్దు, స్టూలు అడుగు.

గ్రాండ్ పియానో టోన్ ఒక్కటే పెట్టుకో. వాల్యూమ్ సగానికి ఉంచు. ముందు మధ్యలో ఒక్క తెల్ల కీని ఎంత మెల్లగా నొక్కగలవో అంత మెల్లగా నొక్కు. మంచి వాటిలో అలా నొక్కితే అసలు మోగదు, నిజం పియానోలో కూడా మోగదు. కాస్త బలం పెంచి మళ్ళీ నొక్కు, ఇంకా పెంచు. గుసగుస నుంచి కేక దాకా మధ్యలో ఎన్ని మెట్లు వినిపిస్తున్నాయో గమనించు. రెండే వినిపిస్తే ఆ పియానో వద్దు. తర్వాత వేలిని కీ చివర నుంచి లోపలికి జరిపి, నల్ల కీల మధ్య ఉన్న చోట నొక్కు. అక్కడ కాస్త బరువనిపించడం సహజం, మరీ మొరాయిస్తే ముందు ముందు నల్ల కీలు ఎక్కువున్న పాటల్లో కష్టపడతావు. ఒకే కీని రెండు వేళ్ళతో మార్చి మార్చి వేగంగా కొట్టు, ప్రతి దెబ్బా పలుకుతోందా? పెడల్ తొక్కి ఎడమ చివర ఒక స్వరం నొక్కి వదిలేయ్, చివరిదాకా విను. మోత సహజంగా సన్నగిల్లాలి, గుండ్రంగా తిరుగుతున్నట్టో ఉన్నట్టుండి కోసేసినట్టో అనిపించకూడదు. ఆఖరికి వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వాయించు. అప్పుడు వినిపించే టకటక చప్పుడే రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు మీ ఇంట్లో వాళ్ళకు వినిపించేది.

వాయించడానికి పాటేదీ రాదని సిగ్గుపడకు. సరళీ స్వరాలు, జంట స్వరాలు వాయిస్తే చాలు, కీల గుణం బయటపడుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఎక్కడుందో కూడా చూసుకో. మీ అమ్మ పాడితే శ్రుతి మార్చడానికి పనికొస్తుంది. అయితే నువ్వు నేర్చుకునేటప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. తాతయ్య అన్నీ ‘కాలీ ఏక్’ లోనే వాయించేవాడు, నీకూ అదే అలవాటు. పియానోలో ఏ స్వరాన్నైనా షడ్జంగా పెట్టుకుని వాయించడం రావాలి.

సెకండ్‌హ్యాండ్ సంగతి. మంచి పియానో ఇరవై అయిదు వేలకు దొరకాలంటే ఉన్న దారి అదే. పిల్లల కోసం కొని, వాళ్ళు మానేశాక అమ్మేసే ఇళ్ళు నగరంలో చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి మీ నాన్నతో వెళ్ళి చూడు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా 88 కీలూ ఒక్కొక్కటిగా ఒకే బలంతో నొక్కు. ఒకటి ఉన్నట్టుండి అరిచినా, ఒకటి మూగబోయినా దాని కింద రబ్బరు కాంటాక్టులో దుమ్ము చేరిందని అర్థం. ఒకటి రెండైతే శుభ్రం చేయించుకోవచ్చు, ఎక్కువుంటే వదిలేయ్. హెడ్‌ఫోన్ రంధ్రం, పెడల్ రంధ్రం, అడాప్టర్ దూర్చే చోటు కదిలించి చూడు. అసలు అడాప్టర్ ఉందా అని అడుగు. చూడటానికి ఒకేలా ఉన్నా పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. వేరేది పెడితే బోర్డు కాలిపోవచ్చు. ఆర్కెస్ట్రాలు, పెళ్ళి బ్యాండ్లు వాడిన వాయిద్యం ఎంత చవకగా వచ్చినా వద్దు, వాటికి రోజూ గంటల కొద్దీ పని ఉంటుంది. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో ఒక్కోసారి కీబోర్డులు కనిపిస్తాయి. కరెంటు పెట్టి చూసుకునే వీల్లేని చోట కొనొద్దు.

డాలస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు అక్కడి నుంచి పియానో తెస్తానన్నాడట. వద్దని చెప్పు. 88 కీల పియానో పొడవొక్కటే దాదాపు 132 సెంటీమీటర్లు. విమానంలో మామూలు సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల హద్దు పెడతారు. అదనపు చార్జీ పడుతుంది, దారిలో దెబ్బ తగిలితే అడిగే దిక్కుండదు. అమెరికా అడాప్టర్ మన 230 వోల్టులకు పనికొస్తుందో లేదో చూసుకోవాలి, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. దుబాయ్ నుంచి తెస్తామనే చుట్టాలకూ ఇదే జవాబు. ఇక్కడే కొను, జీఎస్టీ బిల్లు తీసుకో, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించు. పియానోను ఆటోలో ఇరికించి తేవొద్దు. దుకాణంవాళ్ళనే డెలివరీ ఇమ్మని అడుగు. మదీనా దాటాక చార్మినార్ దగ్గర రద్దీ నీకు తెలిసిందే, శాలిబండ వైపు పొద్దున్నే తెచ్చేస్తే సులువు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మీ పై గదిలో కిటికీకి, బీరువాకు మధ్య గోడ ఉంది కదా, టేపు పెట్టి కొలువు. 135 సెంటీమీటర్లు ఖాళీ ఉంటే సరిపోతుంది. కింది గదిలో మాత్రం వద్దు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయో మనం చూశాం. ఎండ నేరుగా పడకూడదు, పైకప్పు కారే చోటు కాకూడదు. వాయించనప్పుడు మందపాటి బట్ట కప్పు. మీ గల్లీ దుమ్ముకు బట్ట లేకపోతే ఏడాదిలో కాంటాక్టులు పాడవుతాయి. టీ గ్లాసు దాని మీద ఎప్పుడూ పెట్టకు.

ఎత్తు చాలా ముఖ్యం. హార్మోనియంలా చాప మీద పెట్టి కూర్చుంటే పియానో చెయ్యి కుదరదు. డైనింగ్ టేబుల్ మీద పెడితే భుజాలు పైకి లేస్తాయి. కీల పైభాగం నేల నుంచి దాదాపు 72 సెంటీమీటర్లు ఉండాలి, అంటే కింద బల్ల 60 సెంటీమీటర్లు ఉంటే చాలు. కంపెనీ స్టాండ్ ఖరీదనిపిస్తే మీ గల్లీ వడ్రంగి చేత ఆ కొలతకు గట్టి బల్ల చేయించు. కూర్చున్నప్పుడు ముంజేతులు నేలకు సమాంతరంగా ఉండాలి. కత్తెర స్టాండు వద్దు, ఊగుతుంది, మోకాళ్ళకు అడ్డం.

చప్పుడు గురించి అక్క భయపడుతోంది. హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కాబట్టి అజాన్ వేళైనా, నానమ్మ పూజ వేళైనా, నడిరాత్రైనా ఎవరికీ ఇబ్బంది లేదు. పాత ఇళ్ళలో చెక్క దూలాల మీద శాబాదు బండలు పరిచి ఉంటాయి కనుక కీలు కొట్టిన అదురు కింది వాటాకు దిగుతుంది. బల్ల కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు పెడితే చాలావరకు తగ్గుతుంది. నిజం పియానో అయితే ఈ చర్చే అక్కర్లేదు. రెండు వందలకు పైగా తీగలు, రెండు వందల కిలోల బరువు, ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించడం. అది మీ మెట్లు ఎక్కదు, మన జేబుకూ ఎక్కదు.

పియానో వచ్చిన వారంలోనే గురువును చూసుకో. ఫోన్లో రంగురంగుల గీతలు కిందికి జారే వీడియోలు చూసి నేర్చుకుంటే పాట వస్తుంది, చెయ్యి కుదరదు. మొదటి ఏడాది చెయ్యి కుదర్చడానికి మనిషి పక్కన ఉండాలి. పరీక్షలు రాయాలనుంటే ట్రినిటీ కాలేజ్ లండన్‌వాళ్ళకు పియానో, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరువేరు పరీక్షలని గుర్తుంచుకో. కీబోర్డు పరీక్షలో స్టైల్స్ వాడి వాయించాలి, పియానో పరీక్షలో రెండు చేతులే దిక్కు. గురువును అడిగేటప్పుడు ‘నాది పియానో’ అని ముందే చెప్పు.

ఇక నా తీర్పు. ఇరవై అయిదు వేలకు కుదిరేదేదో కొనేయాలని తొందరపడకు. లాల్‌దర్వాజ బోనాలు అయ్యేదాకా ఆగు. ఆ లోపు మంచి సెకండ్‌హ్యాండ్ పియానో, పైన చెప్పిన పరీక్షలన్నీ తట్టుకున్నది దొరికితే తీసుకో. దొరక్కపోతే బోనాల తర్వాత కొత్తదే కొందాం. మీ నాన్న ఇరవై అయిదు వేలు, నీ గల్లాలో దాచుకున్నది, తక్కువ పడింది మేనమామ వంతు. మీ నాన్న మొహమాటపడతాడు, ‘మామ మేనకోడలికి పెట్టుకుంటాడు, మీరు అడ్డం రావొద్దు’ అని అక్కతో చెప్పించు. దుకాణంలో యమహా, క్యాసియో, రోలాండ్ మూడూ వాయించి చూసి, మెల్లగా నొక్కినప్పుడు ఏది నీ వేలి మాట బాగా వింటుందో అదే తీసుకో. రంగు, బ్రాండు, నా ఇష్టం ఏదీ చూడకు. రోజూ అరగంట, మొదటి పదిహేను నిమిషాలు ఎడమచెయ్యి ఒక్కదానితోనే వాయిస్తానని నాకు మాటివ్వు. ఆ మాట నిలబెట్టుకుంటే నేను పెట్టిన డబ్బు నాకు తిరిగొచ్చినట్టే.

ఇట్లు,
మీ మామ